అమ్మమ్మ పెళ్లి యానాంలో ఎందుకు చేశారు? (15న మాట్లాడాలి, సాయం చేయండి)

గౌతమి గట్టు (కాకినాడ), ఆగస్టు 8, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో కర్రీ పాయింట్ నడుపుతాను. పన్నెండేళ్లయింది. మా కాలనీ సంఘం సెక్రటరీ గారు ఈసారి జెండా పండక్కి నన్ను "మహిళా పారిశ్రామికవేత్త" అని ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పప్పు, పులుసు, రెండు వేపుళ్లు అమ్ముకునేదాన్ని పారిశ్రామికవేత్త అంటే నవ్వొచ్చింది. కానీ కాదనలేకపోయాను, వాళ్లింట్లో రోజూ మా సాంబారే. అంశం "స్వాతంత్ర్యం అంటే ఏమిటి". ఫ్లెక్సీ కూడా అప్పుడే వచ్చేసింది. దాని మీద "స్వాతంత్రం" అని ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

గాంధీ గారు, అల్లూరి, పింగళి వెంకయ్య గారు అని రాసుకుంటూ పోతే ఐదు నిమిషాలు నిండుతాయి. రాశాను కూడా. చదువుకుంటే మా అబ్బాయి ఐదో తరగతి వ్యాసంలా ఉంది. చింపేశాను. నాకు తెలిసినదేదైనా చెబుదామని కూర్చుంటే మా అమ్మమ్మ పెళ్లి గుర్తొచ్చింది. అక్కడే ఇరుక్కుపోయాను.

అమ్మమ్మ వాళ్లది ఎదుర్లంక పక్క పల్లె. గౌతమి దాటితే యానాం. ఇప్పుడంటే వంతెన ఉంది, అప్పుడు పడవే. 1929లో శారదా చట్టం వచ్చింది కదా, పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లకి పెళ్లి చేయకూడదని. 1930 ఏప్రిల్ నుంచి అమలు. ఆ లోపే చేసేయాలని ఊరూరా పెళ్లిళ్లు జరిగాయట. మా పెద్దమ్మమ్మ పెళ్లి ఆ హడావిడిలో అయిపోయింది. మా అమ్మమ్మ అప్పటికి ఏడేళ్లది, మిగిలిపోయింది. "మిగిలిపోయాను" అనే అనేది తను కూడా, దుకాణంలో వంకాయలు మిగిలిపోయినట్టు.

తర్వాత రెండేళ్లకి, అంటే తొమ్మిదో ఏట, అమ్మమ్మని పడవ ఎక్కించి యానాం తీసుకెళ్లారు. అక్కడ ఫ్రెంచివాళ్ల రాజ్యం, ఇంగ్లీషువాడి చట్టం చెల్లదు. అర్ధరాత్రి ముహూర్తం. ఒకే వీధిలో ఆ రాత్రి నాలుగు పందిళ్లు ఉన్నాయట, సన్నాయివాళ్లు ఒక పందిట్లో తాళి కట్టించి పక్క పందిట్లోకి పరిగెత్తారట. నిద్రపోతున్న పిల్లని లేపి పీటల మీద కూర్చోబెట్టారు. తాళి కట్టించారు. పొద్దున్నే మళ్లీ పడవ ఎక్కించారు. పెళ్లికొడుకు మొహం గుర్తులేదు గానీ కొత్త గాజులు బిగుతై చెయ్యి వాచిన సంగతి చచ్చేదాకా చెప్పింది.

నన్ను తికమక పెడుతున్నది ఇదీ. ఆ పెళ్లి గురించి మా ముత్తాత గొప్పగా చెప్పుకునేవాడట. "తెల్లవాడి చట్టం మన ఇంట్లోకి రానివ్వలేదు, మా పిల్ల పెళ్లి మా ఇష్టం వచ్చినట్టు చేసుకున్నాం" అని. ఆయన ఖద్దరు కట్టిన మనిషి, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో దెబ్బలు కూడా తిన్నాడని మా ఇంట్లో అంటారు. ఆయన దృష్టిలో రెండూ ఒకటే: ఉప్పు వండుకోవడం, పిల్లకి పెళ్లి చేయడం. రెండిట్లోనూ తెల్లవాడి మాట వినలేదు. మరి ఆ తొమ్మిదేళ్ల పిల్లకి ఆ రాత్రి ఏ స్వాతంత్ర్యం వచ్చినట్టు?

1947లో అమ్మమ్మకి ఇరవై నాలుగు, ముగ్గురు పిల్లలు. స్వాతంత్ర్యం వచ్చిందని తాతయ్య వచ్చి చెబితే పప్పుబెల్లాలు పంచిందట. గుడికి వెళ్లాలన్నా "వెళ్లిరానా?" అని అడిగే మనిషి. తాతయ్య పోయాక మా మావయ్యని అడిగేది. మావయ్య ఊళ్లో లేకపోతే కోడల్ని అడిగేది. ఒక్క మా అమ్మ సంగతిలో మాత్రం, పన్నెండో ఏట సంబంధం వస్తే, అమ్మమ్మ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఏమీ మాట్లాడలేదు, ఏడవలేదు, పొయ్యి వెలిగించలేదంతే. ఆ సంబంధం పోయింది. అమ్మ ఎనిమిది దాకా చదివింది.

ఇంకోటి. ఇది చెప్పాలా వద్దా అనుకున్నాను. మా నాన్న 2003లో పోయారు. తాతల నుంచి వచ్చిన వరిచేను ఎకరం నలభై సెంట్లు, కొబ్బరితోట అర ఎకరం. తమ్ముడే చేసుకుంటున్నాడు, అమ్మనీ వాడే చూసుకుంటున్నాడు, చెడ్డవాడు కాదు. ఇప్పుడు బ్యాంకు లోనుకి అక్కా నేనూ మా వాటా వదులుకుంటున్నామని హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాలంటున్నాడు. పసుపు కుంకాల కింద చెరో లక్ష ఇస్తానన్నాడు. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. మన ఇళ్లల్లో "నీ ఇష్టం" అంటే ఏమిటో మీకు తెలుసుగా.

రోజూ దుకాణంలో స్కానర్ మోగుతూనే ఉంటుంది, అరవై అందాయి, నలభై అందాయి అని. అది ఆయన అకౌంటుదే అనుకోండి. అయినా నేను సంపాదించుకునే మనిషినే కదా, ఒక సంతకానికి ఇంత టెన్షన్ ఎందుకో అర్థం కావడం లేదు.

దేశానికి వచ్చిన స్వాతంత్ర్యం, చట్టంలో ఉండే స్వాతంత్ర్యం, మన ఇంట్లో ఉండేది, ఈ మూడూ ఒకటేనా? లేక పేరే ఒకటా? ఐదు నిమిషాల్లో చెప్పేలా ఎవరైనా విడమర్చి చెప్పగలరా?

---

ఫెర్రీ రోడ్డు వాడు (యానాం), ఆగస్టు 9, ఉదయం 6:45

అక్కా, మా ఊరికి పాత పేరే కల్యాణపురం. మీ ముత్తాత లాంటివాళ్ల వల్ల వచ్చిన పేరు. మా తాత కూడా అద్దెకి పందిళ్లు వేసిన మనిషే, ఆ డబ్బుతోనే ఇల్లు కట్టాడు. చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంటుంది.

ఫ్రెంచివాళ్లు పిల్లల పెళ్లిళ్లు మంచివని ఒప్పుకోలేదు, హిందువుల పెళ్లి, ఆస్తి సంగతులు వాళ్ల ఆచారానికి వదిలేశారు. 1881లో ఒక డిక్రీ తెచ్చారు: ఎవరైనా సంతకం పెట్టి తమ కుల ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి రావచ్చు, ఇంటిపేరు కూడా పెట్టుకోవచ్చు. అలా వచ్చినవాళ్లని రెనోన్సాన్లు అంటారు. పుదుచ్చేరి వైపు ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి, హిందూ వివాహ చట్టం వాళ్లకి వర్తించదు. వదులుకోనివాళ్లకి పాత ఆచారమే. మీ అమ్మమ్మ పెళ్లి జరిగింది ఆ సందులోంచే. మీరు విడుదల దస్తావేజు అంటే నాకు ఇది గుర్తొచ్చింది. అక్కడా ఒక సంతకం, వదులుకోవడం. కాకపోతే వాళ్లు వదులుకుని వేరే హక్కులు తీసుకున్నారు.

మా స్వాతంత్ర్యం తేదీలు అడిగితే మీకు తల తిరుగుతుంది. 1947లో మీరంతా పప్పుబెల్లాలు పంచుకుంటుంటే ఇక్కడ ఫ్రెంచి జెండానే. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో జనం యానాం పట్టుకున్నారు. అదే ఏడు అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటేశారు, 178 మందిలో 170 మంది ఇండియాలో కలుద్దామన్నారు. నవంబర్ 1న పాలన చేతులు మారింది. ఒప్పందం మీద సంతకం 1956లో, ఫ్రాన్సు దాన్ని ఖాయం చేసి చట్టప్రకారం మమ్మల్ని అప్పగించింది 1962 ఆగస్టు 16న. ఎనిమిదేళ్లు మేం పాలనలో ఇండియా, కాగితం మీద ఫ్రాన్సు. అందుకే ఇక్కడ 15నా జెండా, 16నా జెండా, నవంబర్ 1నా జెండా. వంతెన దాటితే అదే నవంబర్ 1 మీకు ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు.

ఇప్పుడు మీ వైపు నుంచి పెళ్లిళ్లకి ఎవరూ రావడం లేదు లెండి. మందుకీ పెట్రోలుకీ వస్తున్నారు.

---

ముక్కుసూటి (విజయవాడ), ఆగస్టు 9, ఉదయం 9:20

ఇది స్వాతంత్ర్యం ప్రశ్న కాదు మేడమ్, ఆస్తి తగాదా. దానికి ఫ్రెంచివాళ్లనీ అమ్మమ్మనీ ఎందుకు లాగడం? తమ్ముడు అమ్మని చూసుకుంటున్నాడని మీరే రాశారు. ఎకరం నలభై సెంట్లలో మీ వంతు ఎంతొస్తుంది? దాని కోసం పుట్టిల్లు పోగొట్టుకుంటారా? సంతకం పెట్టి, ఆ లక్ష కూడా వద్దని చెప్పి, పండక్కి హాయిగా వెళ్లిరండి. చట్టాలు పుట్టింట్లో పని చేయవు.

---

గౌతమి గట్టు, ఆగస్టు 9, మధ్యాహ్నం 3:30

ముక్కుసూటి గారూ, మీరన్నది తప్పని అనను. నాకున్న భయం కూడా అదే. సంక్రాంతికి ఆ గుమ్మంలోకి వెళ్తే అమ్మ చేతి కాఫీ ఉంటుంది, మరదలు పెట్టే చీర ఉంటుంది. రెండు వేల చీరే అయినా దుకాణంలో కొనుక్కున్న చీర అలా ఉండదు. అందుకే ఇక్కడికొచ్చి అడుగుతున్నాను, లేకపోతే వకీలు దగ్గరికే వెళ్లేదాన్ని.

కానీ ఒక్క మాట. వాడు అడిగింది "పెడతావా?" అని కాదు. "ఎప్పుడు పెడతావు?" అని.

---

పాత శిరస్తాదార్ (రాజమహేంద్రవరం), ఆగస్టు 9, రాత్రి 8:15

అమ్మా, నేను కోర్టుల్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయాను. వకీలుని కాను, కాగితాలు మోసినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ అమ్మమ్మ పెళ్లి. శారదా చట్టం పెళ్లిని రద్దు చేయలేదు. ఇటువైపు చేసినా ఆ పెళ్లి చెల్లేది, చేయించిన పెద్దవాళ్లకి నెల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే మీ ముత్తాత పడవ కట్టించుకుని తప్పించుకున్నది ఆ శిక్షని. పిల్లకి సంబంధించినంతవరకు గౌతమికి అటైనా ఇటైనా తేడా లేదు. "మా ఇంట్లోకి చట్టం రాలేదు" అని ఆయన అనుకున్నాడు గానీ, ఆ చట్టం నిజంగా ఇంట్లోకి వచ్చేంత గట్టిది కాదు, వాకిట్లోనే నిలబడింది.

ఇక దేశం సంగతి. 1947 ఆగస్టు 15న మనం డొమినియన్ అయ్యాం. కాగితం మీద రాజు ఇంగ్లండు రాజే, 1950 జనవరి 26 దాకా. కోర్టులవాళ్లకి దీనికి ఇంకో రుజువుంది: స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన కేసుల ఆఖరి అప్పీలు లండన్లో ప్రివీ కౌన్సిలుకి వెళ్లేది. 1949 అక్టోబర్‌లో అది ఆగింది. గోదావరి లంకల గట్టు తగాదాకి తీర్పు లండన్లో రాయడమన్నమాట! జెండా ఒకరోజు ఎగురుతుంది, మిగతావి ఒక్కొక్కటే చేతికి వస్తాయి. యానాం తమ్ముడు చెప్పిన ఎనిమిదేళ్లూ అలాంటివే.

చట్టంలో స్వాతంత్ర్యం అంటే మా డిపార్టుమెంటులో ఒకటే అర్థం: న్యాయమూర్తి స్వాతంత్ర్యం. దాన్ని ఎలా ఏర్పాటు చేశారో చూడండి. జడ్జిగారూ, మీరు ధైర్యంగా ఉండండి అని రాజ్యాంగంలో రాయలేదు. సుప్రీంకోర్టు జడ్జి జీతం సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా, మీద ఖర్చు, దానికి పార్లమెంటులో ఓటింగు ఉండదు. ఒకసారి పదవిలోకి వచ్చాక ఆయనకి నష్టం కలిగేలా జీతం మార్చకూడదు. తీసేయాలంటే రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది కావాలి. ఆయన తీర్పుల ప్రవర్తన మీద, తొలగించే తీర్మానం వచ్చినప్పుడు తప్ప, సభలో చర్చించకూడదు. చూశారా, అన్నీ డబ్బు గురించీ, కుర్చీ గురించీ, ఎవడు కదపగలడన్న దాని గురించీ. మనిషి మంచితనం మీద ఒక్కటీ పెట్టలేదు.

సందు ఉన్నచోట ఏమైందో కూడా చూశాం. బదిలీ చేసే అధికారం ఉంది. ఎమర్జెన్సీలో, 1976లో, హైకోర్టు జడ్జీలను పదహారు మందిని ఉన్నపళంగా వేరే రాష్ట్రాలకి పంపేశారు. మన హైకోర్టు నుంచి చిన్నపరెడ్డి గారిని పంజాబ్-హర్యానాకి పంపారు. జీతం తగ్గించలేదు, తీసేయలేదు, ఇల్లు మాత్రం మార్పించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, జైల్లో పెట్టినవాడు కోర్టుకి రాకూడదన్న ప్రభుత్వ వాదనని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు ఒప్పుకుంటే ఖన్నా గారొక్కరే కాదన్నారు. తర్వాత ఏడాది జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ని దాటించి జూనియర్‌కి ఇచ్చారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. మా గుమాస్తాలం ఆ రోజుల్లో ఆయన పేరు మెల్లగా అనుకునేవాళ్లం.

ఇప్పుడు మీ పొలం. మీ పెళ్లి ఎప్పుడైందో రాయలేదు. మన రాష్ట్రంలో 1986లో, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉండగా, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. ఆ రోజుకి పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు. అప్పటికే పెళ్లైపోతే లేదు. దేశమంతటికీ అది 2005 సెప్టెంబర్ 9న వచ్చింది, అందులో పెళ్లైనా కాకున్నా అన్న తేడా లేదు. 2004 డిసెంబర్ 20 లోపు రిజిస్టరు పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపరు. మీ ఇంట్లో అలాంటిది జరిగిందా? ఆ లెక్క దస్తావేజులు చూస్తేనే తేలుతుంది, మీ ఊరి వకీలుకి చూపించండి.

చివరిగా ఒక ప్రశ్న, కోపం తెచ్చుకోకండి. స్కానర్ ఆయన అకౌంటుదే "అనుకోండి" అని రాశారు. పన్నెండేళ్లుగా మీ జీతం ఎవరి నిధి మీద ఖర్చు?

---

గౌతమి గట్టు, ఆగస్టు 9, రాత్రి 11:50

శిరస్తాదారు గారూ, కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. మా ఆయన మంచివారు. అడిగిన ప్రతిసారీ ఇస్తారు. గ్యాస్ బండకి, కూరగాయల మార్కెట్‌కి, ఎప్పుడూ లేదనలేదు.

నా పెళ్లి 1992. అక్కది 1983. రిజిస్టరు పంపకం ఏమీ జరగలేదు.

---

పాత శిరస్తాదార్, ఆగస్టు 10, ఉదయం 5:30

ఆయన మంచివారు కాదని నేననలేదమ్మా. జడ్జీల జీతానికి ఆ ఏర్పాటు చేసినవాళ్లు కూడా మంత్రులు చెడ్డవాళ్లని చేయలేదు. "అడిగిన ప్రతిసారీ" అన్నారు చూడండి, నేనడిగింది దాని గురించే.

1992 అయితే మీకు 1985 నుంచే హక్కుంది, ఏడేళ్ల తర్వాత పెళ్లి చేసుకుని కూడా తెలియకుండా పట్టుకెళ్లారు. మీ అక్కకి రాష్ట్ర సవరణలో లేదు, 2005లో వచ్చింది. 2015లో సుప్రీంకోర్టు తండ్రి 2005 నాటికి బతికి ఉంటేనే అనడంతో పోయింది, ఎందుకంటే మీ నాన్నగారు 2003లో పోయారు. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల బెంచి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు అని తేల్చడంతో మళ్లీ వచ్చింది. ఒకే తల్లి పిల్లలు, తొమ్మిదేళ్ల తేడాతో పెళ్లిళ్లు, చట్టంలో మీ ఇద్దరి ప్రయాణం ఇంత వేరు. విచిత్రం ఏమిటంటే ఇన్నేళ్లలో మీరిద్దరూ ఈ మార్పుల్లో ఒక్కటి కూడా వినకుండా సంక్రాంతికి వెళ్లొస్తూనే ఉన్నారు.

సంతకం పెట్టాలనుకుంటే పెట్టండి, అందులో తప్పేం లేదు. ఉన్నది తమ్ముడికి ఇవ్వడం వేరు, లేదనుకుని వేలిముద్ర వేయడం వేరు.

---

మూసీ ఒడ్డు (సూర్యాపేట వాడిని, ఉండేది హైదరాబాద్‌లో), ఆగస్టు 10, మధ్యాహ్నం 1:05

మీ ముత్తాత కథ చదువుతుంటే మా నిజాం గుర్తుకొచ్చిండు, నవ్వు ఆపుకోలేకపోయిన.

మీకు స్వాతంత్ర్యం అంటే తెల్లవాడు పోవుడు. మా దిక్కు 1947లో ఆ మాట ఎవరు వాడారో తెలుసా? నిజామే. ఇంగ్లండు పార్లమెంటు చేసిన ఇండియా స్వాతంత్ర్య చట్టంలోనే సంస్థానాల మీద బ్రిటిష్ పెత్తనం ఆగస్టు 15తో ముగుస్తుందని ఉంది. ఇగ నేను స్వతంత్రుణ్ణి అని ఆయన జూన్‌లోనే ప్రకటించిండు. రజాకార్ల నినాదం కూడా ఆజాద్ హైదరాబాదే. అదే ఆగస్టు 15న జాతీయ జెండా ఎత్తుతానన్నందుకు స్వామి రామానంద తీర్థను లోపలేశారు. అంటే హైదరాబాద్ స్వతంత్రం కావాలన్నది పాలకుడు, వద్దన్నది జనం. మా తాత దొర గడీల వెట్టి చేసిండు. దొరకు తెల్లవాడు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఆయన ఇంట్ల ఆయనే స్వతంత్రుడు. మీ ముత్తాత లెక్కనే, పై చట్టం ఏదీ గడప దాటి రావద్దు.

1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న అయిపోయింది. ఆ రోజును ఏమనాలో డెబ్బై ఏళ్లు దాటినా తెగలేదు. ఒకరు విమోచనం అంటరు, ఒకరు విలీనం అంటరు. రాష్ట్ర ప్రభుత్వం 2022ల జాతీయ సమైక్యతా దినోత్సవం అన్నది, కేంద్రం అదే రోజు విమోచన దినం చేసింది, 2024ల కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అన్నది. మా తాతను అడిగితే ఏ పేరూ చెప్పకపోయేది. "ఆ ఏడు దొర పట్నం ఉరికిండు" అనేటోడు. పోలీసు చర్య తర్వాత మళ్లా వచ్చిండు లెండి, అది వేరే కథ.

కాబట్టి అక్కా, స్టేజీ మీద నన్నడిగితే ఒక్కటే చెప్పమంట. ఎవడన్నా స్వాతంత్ర్యం అంటే, ఎవరికి, ఎవరి నుంచి అని అడగాలె.

---

బడిపంతులమ్మ (తెనాలి), ఆగస్టు 11, సాయంత్రం 6:00

తెలుగు చెప్పేదాన్ని, వ్యాకరణం మాట ఒకటి. పాణిని సూత్రం ఉంది, "స్వతంత్రః కర్తా" అని. వాక్యంలో ఎవరు స్వతంత్రంగా పని నడిపిస్తారో వాళ్లు కర్త. పిల్లలకి కర్త, కర్మ, క్రియ అని నేర్పిస్తాం గానీ ఈ మాట చెప్పం.

మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. అమ్మమ్మ గురించి ఏం రాశారు? పడవ ఎక్కించారు, తీసుకెళ్లారు, లేపారు, కూర్చోబెట్టారు, తాళి కట్టించారు. పెళ్లంతా ఆవిడదే, ఒక్క వాక్యంలోనూ ఆవిడ కర్త కాదు, అంతటా కర్మే. పప్పుబెల్లాలు ఆవిడే పంచింది, అది కూడా తాతయ్య వచ్చి చెబితే. ఎవరూ చెప్పకుండా ఆవిడ నడిపించిన పని ఒక్కటే, అదీ వ్యతిరేకార్థంలో: పొయ్యి వెలిగించలేదు.

నేనైతే ఆ మూడు రోజుల గురించే మాట్లాడతాను. ఐదు నిమిషాలకి సరిపోతుంది. ఫ్లెక్సీ సంగతి వదిలేయండి, "స్వాతంత్ర్యం" అని కంప్యూటర్లో కొట్టడం మాకే చేతకాదు.

---

గౌతమి గట్టు, ఆగస్టు 18, రాత్రి 10:30

అందరికీ ఆలస్యంగా చెబుతున్నాను, ఏమనుకోకండి. శ్రావణమాసం, ఆర్డర్లు ఎక్కువ.

మాట్లాడాను. మైకు రెండుసార్లు ఆగిపోయింది. యానాం పందిళ్లూ, బిగుతు గాజులూ, మూడు రోజుల పొయ్యీ చెప్పాను. చట్టాల తేదీలు రాసుకెళ్లాను గానీ చేతులు వణికి కాగితం చూడలేకపోయాను. సెక్రటరీ గారు "చాలా బాగుంది, కానీ దేశం గురించి కొంచెం తగ్గింది" అన్నారు. సి బ్లాకులో ఉండే ఎనభై దాటిన పెద్దావిడ లడ్డూ పట్టుకుని నా దగ్గరికొచ్చి, వాళ్లమ్మ పెళ్లి కూడా యానాంలోనేననీ, ఆ సంగతి కోడళ్లకి ఇంతవరకు చెప్పలేదనీ అన్నారు. చెవిలో చెప్పారు.

మా ఆయన వెనక వరసలో నిలబడి విన్నారు. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. మర్నాడు నేను బ్యాంకుకి వెళ్తుంటే "ఎందుకు?" అని మాత్రం అడిగారు. నా పేరు మీద అకౌంటుంది కదా, దానికి స్కానర్ పెట్టించుకుంటానన్నాను. ఆ అకౌంటు గ్యాస్ సబ్సిడీకి తీసింది. కాసేపు ఆగి "మరి పాతది ఏం చేద్దాం?" అన్నారు. ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు. ప్రస్తుతం కౌంటరు మీద రెండూ ఉన్నాయి. జనానికి ఏది స్కాన్ చేయాలో తెలియక నన్ను అడుగుతున్నారు. నేను చూపిస్తున్నాను. మా ఆయన కౌంటర్లో కూర్చున్నప్పుడు ఏది చూపిస్తున్నారో నేను అడగలేదు.

దస్తావేజు మీద సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. వకీలుకి చూపించి, నా వంతు ఎంతో తెలుసుకుని, అప్పుడు ఇవ్వాలో వద్దో చెబుతానని తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. వాడు "సరే అక్కా" అని పెట్టేశాడు. మామూలుగా వాడు పెట్టేముందు అమ్మకి ఇస్తాడు ఫోను. ఆ రోజు ఇవ్వలేదు. నిన్న అమ్మే ఫోన్ చేసింది, కంది పొడి కొట్టానని, మనిషి వస్తే పంపుతానని. పొలం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

శిరస్తాదారు గారూ, అక్కకి మీరు రాసిందంతా చదివి వినిపించాను. 2015లో పోయి 2020లో వచ్చిందంటే "నాకు తెలియకుండా అంత తిరుగుడా" అని నవ్వింది. ఇవాళ బీరువా వెతికి తన పెళ్లి శుభలేఖ తీసిందట, 1983ది, పసుపు మరకలతో సహా. వకీలు దగ్గరికి తీసుకురమ్మనాలా, అవసరం లేదా?